డిక్కీలో అల్లుడు

అత్తగారు సంచి సర్దుతోంది. ఆవిడ సర్దడమంటే పెట్టడం, తీయడం, మళ్ళీ పెట్టడం. నీలం గుడ్డసంచి అడుగున, ఈ ఊరి డాక్టరుకు చూపించడానికి తెచ్చిన తన అక్కగారి కంటి రిపోర్టులు, వాటి మీద మూడు చీరలు, చీర మడతలో రైలు టికెట్టు, పక్కన కళ్ళజోడు పెట్టె. మర్నాడు పొద్దున అక్కగారికి కంటి ఆపరేషను. "నా చెల్లెలు వచ్చి పక్కన కూర్చుంటే తప్ప కంటి మీద చెయ్యి వెయ్యనివ్వను" అని ఆ మహాతల్లి డాక్టరుతో తెగేసి చెప్పింది. రైలు పదకొండింటికి. అది తప్పితే మళ్ళీ మర్నాడే.

కూతురింటి నుంచి ఆవిడ బయల్దేరడం ఇది ఏడోసారి. గడిచిన ఆరుసార్లూ అల్లుడితో పోట్లాడే వెళ్ళింది. ఆరుసార్లూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, "మళ్ళీ ఈ గడప తొక్కితే ఒట్టు" అంది. ఆరుసార్లూ మూడు నెలలు తిరక్కుండా వచ్చింది. కోపం ముదిరేకొద్దీ ఆవిడ మర్యాద పెంచుతుంది. మామూలు రోజుల్లో "బాబూ, నువ్వు". కాస్త కోపమొస్తే "అల్లుడుగారూ, మీరు". "తమరు" దాకా వచ్చిందంటే ఒట్టు దగ్గరపడ్డట్టే.

ఈసారి పోట్లాట లేదు. ఉన్న శాంతి ఎక్కడ చెడుతుందోనని భయపడి అల్లుడు ఏడింటికే సంచి తీసుకెళ్ళి కారు వెనక పెట్టి, డిక్కీ తలుపు ధడాలున వేసి వచ్చాడు.

"పదకొండింటి రైలుకి ఏడింటికే సంచి ఎక్కించావేం బాబూ?"

"ఒక పని అయిపోతుందని అత్తయ్యా."

"ఏ పని? నన్ను వదిలించుకునే పనా?"

అల్లుడు నవ్వి ఊరుకున్నాడు. అది మొదటి పొరపాటు.

ఆ కారు గురించి కొంత చెప్పాలి. మామూలు కారుకు వెనకాల సగం గది అతికించినట్టు పొడుగ్గా ఉంటుంది. వెనక తలుపు అద్దంతో సహా పైకి లేస్తుంది. నీళ్ళ ఆఫీసులో గుమాస్తా అయిన అల్లుడు దాన్ని పాతదిగా కొన్నాడు. కొన్న రోజు నుంచీ చెడిపోయినవి తనే బాగుచేసుకుంటున్నాడు, బాగున్నవాటిని కూడా వదలకుండా. నెల రోజులుగా బ్రేకు తొక్కితే వెనక వైపరు ఊగుతోందన్న సంగతి అతనికి తెలుసు. పెళ్ళానికి చెప్పలేదు.

ఎనిమిదింటికి అత్తగారికి పేపరు చదవాలనిపించింది. కళ్ళజోడు సంచిలో ఉంది. సంచి డిక్కీలో ఉంది. అల్లుడు డ్రైవరు సీటు పక్కనున్న బటను నొక్కాడు. తలుపు తెరుచుకోలేదు. వానచుక్క లేని పొడి అద్దం మీద వైపరు కీచుమంటూ అటూ ఇటూ ఊగింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ ఊగింది.

"వద్దు వద్దని చెయ్యి ఊపుతోందమ్మా నీ మొగుడి కారు" అంది అత్తగారు కూతురితో.

"ఎప్పట్నించండీ ఇలా?" అంది కూతురు.

"ఇప్పుడే."

"నా కళ్ళలోకి చూసి చెప్పండి."

"ఒక నెల..."

"నెల్లాళ్ళుగా తెలిసీ మా అమ్మ సంచి దాంట్లో పెట్టి తలుపేశారా? ఆ రిపోర్టులు లేకపోతే పెద్దమ్మకి ఆపరేషనే లేదు, తెలుసా?"

"రెండే రెండు నిమిషాలు" అన్నాడు అల్లుడు. వెనక సీటు ముందుకు మడిచి, స్క్రూడ్రైవరు నోట కరుచుకుని, పాక్కుంటూ డిక్కీలోకి దూరాడు. లోపలినుంచి తలుపు అట్ట ఊడదీస్తే తాళం మీట కనబడుతుందట. అల్లుడు మంచి ఒళ్ళున్న మనిషి. రెండు కాళ్ళూ లోపలికి చేరేసరికే రెండు నిమిషాలూ అయిపోయాయి.

అత్తగారు కారులోకి తొంగిచూసింది. సీటు బోర్లా పడి ఉంది. కారు తలుపు బార్లా తెరిచి ఉంది. ముప్పై ఏళ్ళు కుట్టుపని చేసి, సూది ఎక్కడ తీస్తే అక్కడే పెట్టిన మనిషి. చూస్తూ ఊరుకోలేకపోయింది. సీటు లేపి నిలబెట్టి, 'క్లిక్'మని పట్టేదాకా నొక్కి, తలుపు బుద్ధిగా మూసింది. ఆ కుదుపుకి లోపల ఏ తీగ ఏ తీగకు తగిలిందో, కారు తలుపులన్నీ 'టక్'మని ఒక్కసారే తాళం పడిపోయాయి. తాళంచెవి స్టీరింగు దగ్గర వేలాడుతోంది. సీటుకూ కప్పుకూ మధ్యనున్న సందులో ఆ ఒళ్ళు పట్టదు. అల్లుడు కుడితిలో పడ్డ ఎలకలా డిక్కీలో ఉన్నాడు.

"సీటెవరు లేపారు?" లోపలినుంచి కేక.

"నేనే. ఎక్కడి వస్తువు అక్కడ ఉండాలి."

"మరి నేనెక్కడుండాలి అత్తయ్యా?"

"అది దూరేముందు ఆలోచించుకోవాల్సింది అల్లుడుగారూ."

మర్యాద ఒక మెట్టెక్కింది. కూతురు కార్ల ఎలక్ట్రీషియనుకు ఫోను చేసింది. అతన్ని వీధంతా 'పదినిమిషాలు' అంటారు. ఏ పనికైనా, ఎప్పుడొస్తావన్నా అతను చెప్పే లెక్క అదే. "పది నిమిషాల్లో ఉంటానమ్మా" అన్నాడు.

పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరు చేతికర్రతో వచ్చేశాడు. కారు వెనక అద్దంలో చెమటలు కారుతున్న మొహం, దాని మీద ఊగుతున్న వైపరు, బయట అరుస్తున్న ఆడవాళ్ళు. ఆయనకు అంతా అర్థమైపోయింది.

"దొంగ దొరికాడన్నమాట! కదలకురా వెధవా!"

"మాస్టారూ, నేనండీ!"

"అందరూ అదే అంటారు."

"ఆయన మా అల్లుడండీ" అంది అత్తగారు.

మాస్టారు కర్ర దించలేదు. "మీరు ఖాయంగా చెబుతున్నారా?"

"ఖాయంగా చెప్పలేను గానీ, పెళ్ళి నేనే చేశాను."

లోపల కూర్చున్న అల్లుడికి ఒళ్ళు మండిపోయింది. తాళం మీట దొరికింది, కసిగా లాగాడు. అది సగం విరిగి ఊరుకుంది. కనీసం కళ్ళజోడైనా తీద్దామని సంచి తెరిచాడు. చీరల కింద తన గళ్ళ చొక్కా కనబడింది. వారం రోజులుగా ఇల్లంతా వెతికిన చొక్కా.

"నా చొక్కా మీ సంచిలో ఎందుకుంది?" అని అద్దానికి ఆనించి ఎత్తి చూపించాడు. ఇంత సాక్ష్యం దొరికాక ఎవరైనా ఊరుకుంటారా!

"సంచులు కూడా సోదా చేస్తున్నారా అల్లుడుగారూ? కాలరు చిరిగిపోయింది. ఆ చిరుగు వేసుకుని ఆఫీసుకు పోతుంటే నాకు తలకొట్టేసినట్టుంది. తిప్పి కుట్టి తెద్దామనుకున్నాను. ఇప్పుడు దొంగతనం కూడా నాదేనా?"

చొక్కా మెల్లిగా కిందికి దిగిపోయింది.

తొమ్మిదిన్నరకు పదినిమిషాలు వచ్చాడు. ముందు కిటికీ అద్దం రెండు వేళ్ళ సందులోంచి వంచిన కమ్మీ దూర్చి తలుపు తీశాడు. సీటు మడిచాక ముందు సంచి, వెనక అల్లుడు బయటపడ్డారు. అక్కడితో ఆగి ఉంటే కథ లేదు. "ఎలాగూ వచ్చాను, ఒకసారి చూసేస్తాను" అన్నాడు పదినిమిషాలు. సగం విరిగిన మీటను ఒడుపుగా లాగి డిక్కీ తలుపు పైకెత్తాడు. తలుపుకూ కారు కప్పుకూ మధ్యనున్న రబ్బరు గొట్టం విప్పి చూపించాడు. లోపల ఐదు తీగలు తెగి, రాగి పీచులా బయటికొచ్చి ఉన్నాయి.

"తలుపు తీసిన ప్రతిసారీ ఇక్కడే వంగుతాయి సార్. వంగి వంగి తెగాయి. ఎర్తు తీగ కూడా పోయింది. తాళానికి పోవాల్సిన కరెంటు దారి లేక వైపరులోకి పోతోంది."

"ఇదన్నమాట కొక్కెం" అంటూ మాస్టారు కర్ర కొసతో తలుపు తాళంలో ఒక పొడుపు పొడిచాడు. 'టక్'. తలుపు ఆకాశంలో ఉండగానే కొక్కెం మూసుకుపోయింది. ఎలక్ట్రీషియను కంగారుగా మీట లాగాడు. ఈసారి అది పూర్తిగా విరిగి చేతిలోకి వచ్చింది.

అంతవరకూ తెరుచుకోని తలుపు, ఇప్పుడు మూసుకోదు. కరెంటు వస్తే కొక్కెం విడుస్తుంది. కరెంటు రావాలంటే తీగలు కలవాలి. టైము పదైంది. స్టేషను అరగంట దూరం. అద్దె కారుకు ఫోను చేస్తే నలభై నిమిషాలన్నారు.

"తాడుతో కట్టేసి పోదాం అత్తయ్యా" అన్నాడు అల్లుడు.

"నోరు తెరుచుకున్న బండిలో, తాళ్ళు కట్టించుకుని పోవడానికి నేనేమన్నా గడ్డిమోపునా? అక్కడ మా అక్క నా కోసం కన్ను పట్టుకుని కూర్చుంది. చాలు. తమరు చేసిన మర్యాద చాలు. మళ్ళీ ఈ గడప..."

మాట మధ్యలో ఆవిడ చూపు పదినిమిషాల చేతుల మీద పడింది. కొత్త తీగను రబ్బరు గొట్టంలోకి తోస్తున్నాడు. తీగ మెత్తగా మడతపడి వెనక్కి వచ్చేస్తోంది. "తలుపు మొత్తం విప్పితే గానీ దూరదు సార్. సాయంత్రమవుతుంది" అన్నాడు.

"ఏమిటయ్యా ఆ తోయడం? పైజమాకి బొందు ఎవరైనా అలా ఎక్కిస్తారా?"

"ఇది బొందు కాదండీ, వైరింగు."

"గొట్టం గొట్టమే. జరుగు."

గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి, తీగ కొసకు గుచ్చి, టేపు చుట్టమంది. గొట్టంలోకి పిన్నీసు దూర్చి, రబ్బరును కుచ్చుగా దగ్గరికి లాగి, పిన్నీసును వేళ్ళతో పట్టుకుని, కుచ్చును వెనక్కి వదిలింది. మళ్ళీ లాగింది, మళ్ళీ వదిలింది. పిన్నీసు గొంగళిపురుగులా పాకి అటువైపు తల పెట్టింది. అలా ఐదు తీగలు, పన్నెండు నిమిషాలు. కళ్ళజోడు పెట్టుకోనేలేదు. ఎలక్ట్రీషియను కొసలు కలిపి, అతికి, టేపు చుట్టాడు. అల్లుడు సీటు పక్కన బటను నొక్కాడు. కొక్కెం విడిచింది. తలుపు వేశారు, పడింది. నొక్కారు, తెరుచుకుంది. వైపరు కిక్కురుమనలేదు.

"జరగండి, నేను నొక్కుతాను" అంది అత్తగారు. ఐదుసార్లు తెరిచి, ఐదుసార్లు మూసింది. ఆరోసారికి కూతురు చెయ్యి పట్టుకుని కారెక్కించింది.

"ఆదివారం తొమ్మిదింటికి కొత్త మీట తెచ్చి బిగిస్తాను సార్" అన్నాడు పదినిమిషాలు. ఎవరూ నమ్మలేదు.

రైలు కదలడానికి నాలుగు నిమిషాల ముందు ఆవిడ కిటికీ పక్కన కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని, రిపోర్టులు ఉన్నాయో లేదో మళ్ళీ చూసుకుంది.

"ఎప్పుడొస్తారు అత్తయ్యా?" అన్నాడు అల్లుడు. అతను ఆ మాట అడగడం అదే మొదలు. కూతురు తిరిగి మొగుడి మొహంలోకి చూసింది.

"పదో తారీఖుకి వచ్చేస్తాను బాబూ. ఆ తలుపు ఎన్నాళ్ళు పనిచేస్తుందో చూడొద్దూ?"

అక్కగారి ఆపరేషను బాగానే జరిగింది. తలుపు ఇప్పటికీ పనిచేస్తోంది. పదినిమిషాలు చెప్పిన ఆదివారమే, చెప్పిన వేళకే వచ్చి మీట బిగించి వెళ్ళాడు. తొమ్మిదో తారీఖు తెల్లవారుజామున అక్కగారు ఫోను చేసింది, రాత్రి పడుకున్న చెల్లెలు ఇక లేవలేదని. వారం తర్వాత నీలం సంచి వచ్చింది. అందులో గళ్ళ చొక్కా ఉంది, కాలరు తిప్పి కుట్టి.

ఆరుసార్లు రానని ఒట్టేసి ఆరుసార్లూ వచ్చిన అత్తగారు, వస్తానని చెప్పి వెళ్ళిన ఏడోసారి, పదో తారీఖున రాలేదు, ఆ తర్వాతా రాలేదు.