సిటీ బస్సులో సీట్లెందుకు?

సిటీ బస్సుల్లో సీట్లన్నీ పీకేయాలి!

కోప్పడకండి. పూర్తి స్పృహలో ఉండే రాస్తున్నాను. కూర్చుని ప్రయాణం చేసి ఎవరు బాగుపడ్డారు చెప్పండి? నడుములు పట్టేశాయి, పొట్టలు పెరిగాయి.

అదే మా ఆవిడ కల్పలతను చూడండి. సీతాఫల్‌మండి నుంచి మెహిదీపట్నంలోని ఆఫీసుకు, ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నిలబడే వెళ్తోంది, నిలబడే వస్తోంది. ఒక చేతిలో టిఫిన్ బాక్సు, మరో చేతిలో పైనున్న రాడ్డు. రాడ్డు అందకపోతే దేవుడే దిక్కు. ఇది తిప్పలని ఇన్నాళ్లూ పొరబడ్డాను. కాదు మహాశయులారా, శిక్షణ!

ఆ సంగతి నాకు మొన్న సముద్రం దగ్గర తెలిసింది. సెలవులు కలిసొచ్చాయని ఇద్దరం సర్ఫింగ్‌కు పేరుపడ్డ ఓ చిన్న ఊరికి వెళ్లాం. పొడుగాటి బోర్డు మీద నిలబడి అల మీద జారడమే సర్ఫింగ్. ఆ ఊళ్లో అదే చదువు, అదే సంస్కారం. ఇడ్లీ బండి దగ్గర మనుషులు నిలబడి తింటుంటే బోర్డులు బెంచీల మీద పడుకుని ఉన్నాయి. కుక్కలు కూడా బోర్డెక్కే ఒడ్డుకొస్తున్నాయి. ఏం చేస్తుంటారని ఎవరినడిగినా ఒకటే జవాబు: 'మంచి అల కోసం చూస్తున్నా!' బస్టాపులో మనం చేసేదీ అదే కదా? మనకు స్టైల్ తక్కువ, అంతే.

అక్కడి కోచ్ పేరు ఆశీష్. జుట్టు రాగి రంగు, మాట మాత్రం అచ్చంగా గోదావరి. ముందు నన్ను ఎక్కించాడు. బోర్డు క్షేమంగా ఒడ్డుకు చేరింది. నేను కాసేపటికి విడిగా చేరాను, కళ్లజోడు లేకుండా. నాతోపాటు ఎక్కిన జిమ్ వీరులు సైతం ఉప్పునీళ్లు కక్కుతూ తేలారు.

"గింత దానికి గింత లొల్లా? జెర పట్టుకో," అంటూ కల్పలత హ్యాండ్‌బ్యాగు నా చేతిలో పెట్టి, చున్నీ నడుముకు బిగించి బోర్డెక్కింది.

అల వచ్చింది. ఆమె లేచి నిలబడింది. మోకాళ్లు కాస్త వంచి, ఒక కాలు వెనక్కి వేసి, లేని రాడ్డు కోసం చెయ్యి గాల్లోకి ఎత్తింది. అంతే! ఒడ్డుదాకా చెక్కుచెదరలేదు. బోర్డు ఆగకముందే, అలవాటు కొద్దీ, దూకి నాలుగడుగులు పరుగెత్తింది.

ఆశీష్ నోరు తెరిచాడు. "మేడం! ఏ బీచ్‌లో నేర్చుకున్నారండీ?"

"బీచేంది? చిలకలగూడ మలుపుల మా బస్సు సూడలే నువ్వు. ఇదీ ఒక ఊపేనా? డ్రైవర్ సడెన్ బ్రేకేస్తే తెలుస్తది."

మర్నాడు ఆ ఊళ్లో ఆడవాళ్ల పోటీ ఉంది. ఆశీష్ అప్పటికప్పుడు ఆమె పేరు ఇచ్చేశాడు. నాకు రాత్రంతా నిద్ర లేదు. కప్పు, పూలదండలు, సికింద్రాబాద్ మోండా మార్కెట్ ముందు మా ఆవిడ నిలువెత్తు ఫ్లెక్సీ! అందులో ఓ మూల నా ఫోటో కూడా ఉంటుంది కదా?

"నీ ఒక్కదాంతోనే సికింద్రాబాద్ పేరు నిలబడ్తది!" అన్నాను పొద్దున్నే.

ఊరంతా ఒడ్డున చేరింది. మైకులో పేరు పిలిచారు. కల్పలత బోర్డు మీద పడుకుని, చేతులతో నీళ్లు తోసుకుంటూ అలలు విరిగే చోటు దాటి వెళ్లింది. అక్కడ బోర్డుకు రెండు పక్కలా కాళ్లు వేలాడేసి కూర్చుంది.

ఓ మంచి అల వచ్చింది, వెళ్లింది. ఆమె లేవలేదు. ఇంకోటి వచ్చింది. లేవలేదు.

"లేవండి మేడం, లేవండీ!" ఆశీష్ మైకు లాక్కుని అరిచాడు. ఒడ్డు ఒడ్డంతా అరిచింది. ఆమె ఎటో దూరంగా చూస్తూ కూర్చుంది. పోటీ ముగిసిందని హారన్ కూడా మోగింది.

ఆశీష్ తన బోర్డు మీద బయల్దేరితే, దానికి వేలాడుతూ నేనూ ఎలాగో ఆమె దగ్గరికి చేరాను.

"ఏమైంది లతా? భయమైతుందా?"

"భయమెందుకు? మంచిగనే ఉన్న."

"మరి లెవ్వరాదు! కప్పు పాయె గద!"

ఆమె బోర్డును రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. "పోనీ. నేను లేవ. ఇన్నేండ్లకు కూసునేటందుకు జాగ దొరికింది. నిలబడుడు సోమవారం నుంచి ఉండనే ఉన్నది గద."

నేనింకా ఆశీష్ బోర్డు పట్టుకుని నీళ్లలో వేలాడుతూనే ఉన్నాను.

ఆమె నన్ను ఓసారి చూసి, కాస్త ముందుకు జరిగింది.

"దా, నువ్వు సుత కూసో. సర్దుకుందాం."

ఎక్కాను. బోర్డు కొంచెం మునిగింది. మహాశయులారా, నిజం చెప్పనా? ఎంత హాయిగా ఉందో!