కామేశం మెడకి సరిపడిన రబ్బరు

మెడ కీలు దగ్గర సిగ్గు కారుతున్న ఉద్యోగులు వెంటనే స్టోర్సుకి వెళ్లి తగిన రబ్బరు వాషరు వేయించుకోవాలన్నది కాకినాడ అవతలున్న ఆ నూనె ఫ్యాక్టరీలో ఎప్పట్నుంచో ఉన్న రూలే. ఇందులో వింతేమీ లేదు. పైపన్నాక కారుతుంది, మనిషన్నాక కారతాడు. కారితే నేల తడుస్తుంది, ఎవరో జారిపడతారు, దానికి మళ్లీ ఓ ఎంక్వయిరీ. ఎందుకొచ్చిన గొడవ!

సోమవారం పొద్దున్నే క్వాలిటీ ఇన్‌స్పెక్టరు పేరి కామేశం తడిసిన కాలరుతో వెళ్లి వరసలో నిలబడ్డాడు. తల ఎత్తితే ఒట్టు. అతని సిగ్గుకి కారణం ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు, ఎవరికీ తెలీదు.

వేడి నూనె పైపుల అతుకుల మధ్య వేసే రబ్బరు గాస్కెట్లు కొత్తగా వచ్చినప్పుడు, అవి నైట్రైల్ రబ్బరువో మామూలు చెట్టుపాల రబ్బరువో చూడాలి. రెండూ నలుపే. ఓ ముక్క కోసి రాత్రంతా నూనెలో ఉంచితే నైట్రైల్ అలాగే ఉంటుంది, చెట్టుపాల రబ్బరు నానేసిన శనగల్లా ఉబ్బుతుంది. పరీక్ష అంతే. "ముక్కలు నానేసుకుంటూ కూచుంటే ప్లాంటు ఆగిపోతుందయ్యా, పాస్ చేసెయ్" అన్నాడు మేనేజరు. "అలాగేనండి" అన్నాడు కామేశం. గాస్కెట్ ఉబ్బింది, అతుకు వదిలింది, ఫిట్టరు ముమ్మిడి చిట్టబ్బాయి చెయ్యి మోచేతిదాకా కాలింది. ఇప్పుడు బోల్టులు అతిగా బిగించాడని ఎంక్వయిరీ వేసింది కూడా చిట్టబ్బాయి మీదే. శుక్రవారం కామేశం సాక్ష్యం. అతను ఉన్నదున్నట్టు చెబితే చిట్టబ్బాయి ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే పోతుంది.

చెబుదామనే అనుకున్నాడు, పాపం. కానీ ఎంక్వయిరీ హాల్లో కొత్త కార్పెట్ వేశారు. కారేవాళ్లని లోపలికి రానివ్వరు. కాబట్టి ముందు ఆరాలి, ఆ తర్వాతే చెప్పాలి.

స్టోర్సు ఆఫీసరు మంగతాయారు గారు అతని మెడ మీది తడిని వేళ్ల మధ్య రుద్ది చూశారు.

"ఇంటి సంగతాండీ, ఆఫీసు సంగతా?"

"ఆఫీసుదేనండి."

"అదీ! ఇంటి సిగ్గు నీళ్లలా ఉంటుంది, దానికి చెట్టుపాల రబ్బరు చాలు. ఎంత లాగినా మళ్లీ దాని ఆకారానికి వచ్చేస్తుంది. నలుగుర్లో పరువు పోయినవాళ్లకి ఈపీడీఎం అనే రబ్బరు ఇస్తాను, ఎండకీ వానకీ పగలదు. మీది జిడ్డుగా ఉంది. పైవాళ్లకి అలాగేనండి అంటే వచ్చే రకం. నైట్రైలే వెయ్యాలి."

అలా పైపుకి వెయ్యాల్సింది కామేశం మెడకి వేశారు. రెండ్రోజులు బాగానే ఆగింది. బుధవారం గేటు దగ్గర చిట్టబ్బాయి కట్టు కట్టిన చేత్తోనే దణ్ణం పెట్టేసరికి కామేశానికి లోపల కుతకుతా ఉడికింది. నైట్రైల్ అంత వేడికి ఆగదు. గట్టిపడి పెళుసై పగిలింది. దాని బదులు సిలికాన్ వేశారు. అది వేడికి జంకదు గానీ చిన్న గాటు పడితే చిరిగిపోతుంది. చిట్టబ్బాయి పెళ్లాం దారిలో ఎదురై "మీరున్నారనే మా ధైర్యవండీ" అంది. చిరిగింది. చొక్కా నడుందాకా తడిసింది. ఆ పూట కామేశం భోజనానికి కూడా నలుగుర్లోకి వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

గురువారం మేనేజరే తన దగ్గరున్న ఫ్లోరో రబ్బరు వాషరు ఒకటి పంపించాడు. నూనెకి ఉబ్బదు, వేడికి పగలదు, యాసిడ్ పోసినా చెక్కు చెదరదు. పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లకే ఇస్తారు. అది వేశాక చుక్క కారితే ఒట్టు! కామేశానికి ఆకలేసింది, నిద్ర పట్టింది. ఇంత హాయిగా ఉన్నందుకు కాస్త సిగ్గనిపించింది గానీ, అదీ బయటికి రాలేదు.

శుక్రవారం పొడి కాలరుతో కార్పెట్ మీద కూచున్నాడు.

"వేసిన గాస్కెట్ సరైనదేనా?" అడిగారు ఎంక్వయిరీ వాళ్లు.

నిజం నాలిక చివరే ఉంది. దాన్ని బయటికి తోసేదేదీ లోపల లేకపోయింది.

"సరైనదేనండి" అన్నాడు.

సాయంత్రానికి చిట్టబ్బాయిని తీసేశారు. వరండాలో అతను బాగున్న చేత్తో మెడ నొక్కిపట్టుకుని నిలబడ్డాడు. వేళ్ల సందుల్లోంచి బొట్లు బొట్లుగా కారుతోంది.

"ఆయ్, కామేశం గారండీ, నేనే ఎక్కువ బిగించేసుంటానండి. మీ అంతటోరు చెప్పారంటే నిజమే అయ్యుంటది. తల కొట్టేసినట్టుందండి బాబూ."

అటుగా వచ్చిన మంగతాయారు గారిని చిట్టబ్బాయి ఓ వాషరు అడిగాడు. ఆవిడ నిజంగానే బాధపడ్డారు. "ఉద్యోగంలో ఉన్నవాళ్లకేనయ్యా, ఏం చెయ్యను?" అన్నారు.

కామేశం బూటు తడవకుండా ఓ అడుగు వెనక్కి వేశాడు.

"తుడుచుకో చిట్టబ్బాయ్, జనం చూస్తారు" అన్నాడు నెమ్మదిగా.

"తప్పేనండి" అని చిట్టబ్బాయి తువ్వాలుతో ముందు మెడా, తర్వాత వంగి నేలా తుడిచి వెళ్లాడు.