హెరాన్ పాయింట్ ఋణవిముక్తి

జూలై నెల తొలి మంగళవారం సాయంత్రం, క్లబ్‌హౌస్‌లో, మసాలా గుడ్ల పళ్లేనికీ నిమ్మకాయ 'పై' అనే తీపి రొట్టెకీ మధ్య నిలబడి, మా కాలనీ సంఘం ప్రెసిడెంటు కర్టిస్ బ్లెడ్‌సో గారు చారిత్రక ప్రకటన ఒకటి చేశారు.

"మిత్రులారా! ఈ క్షణం నుంచి హెరాన్ పాయింట్‌లో ఎవరూ ఏ బ్యాంకుకీ ఒక్క డాలరు కూడా బాకీ లేరు!"

మేం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. మాలో బాకీ లేనివాడు ఒక్కడూ లేడు కాబట్టి చప్పట్లు బాగా మోగాయి.

ఫ్లోరిడాలో ఇళ్ల ధరలు కుప్పకూలి అప్పటికి మూడేళ్లు. మేమంతా కొన్నప్పుడు రోజురోజుకీ పెరుగుతున్నాయి కదా అని ఎగబడి కొన్నవాళ్లమే. రెండు లక్షల అప్పున్న ఇంటిని లక్షకి అడిగే నాథుడు లేడు. ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్ల స్విమ్మింగ్ పూళ్లలో కప్పలు కాపురాలు పెట్టాయి. ఈ మధ్య కాలనీలో కొత్తగా దిగినవాళ్లంటే అవే. నవంబరులో బ్లెడ్‌సో గారు కౌంటీ కమిషనర్ పదవికి పోటీ చేస్తున్నారు. అందువల్ల ఆయన ఏం మాట్లాడినా నవంబరు వైపు చూస్తూనే మాట్లాడతారు.

ఆ ప్రకటనను అక్షరం పొల్లుపోకుండా మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించినవాడు సంఘం సెక్రటరీ డెల్బర్ట్ హాస్కిన్స్. ఇతని గురించి రెండు ముక్కలు చెప్పాలి. ఓహియోలో ఉద్యోగమంతా పార్కింగ్ టిక్కెట్లు రాస్తూ గడిపిన మనిషి. ఒకసారి తన కారునే మంటలార్పే నీళ్ల పంపు ముందు ఆపి, తనకే టిక్కెట్టు రాసుకుని, సాయంత్రం వెళ్లి కట్టి వచ్చాడు. ఆ రసీదు అతని ఇంటి హాల్లో ఫ్రేము కట్టించి ఉంది. రిటైరయ్యాక ఇక్కడికొచ్చి, కూడబెట్టిందంతా ఇంటి మీద పోసి, నడుముకి కొలత టేపు తగిలించుకుని, గోల్ఫ్ కార్టులో కాలనీ అంతా తిరుగుతూ ఎవరి గడ్డి ఎండింది, ఎవరి చెత్తడబ్బా రోడ్డు మీదకొచ్చింది అని జరిమానాలు రాస్తుంటాడు. లోకంలో నిజాయితీ ఇంకా మిగిలి ఉందంటే అది తన టేపు వల్లేనని అతని నమ్మకం. మాకూ అలాగే అనిపించేది, మన గుమ్మం ముందు కార్టు ఆగనంత సేపూ.

ప్రకటన అయ్యాక ప్రెసిడెంటు గారు తన పక్కనున్న పెద్దమనిషిని పరిచయం చేశారు. కల్నల్ లైల్ వెదర్‌బీ. ఏ సైన్యంలో కల్నలో ఎవరూ అడగలేదు. అంత తెల్ల సూటు వేసుకున్నవాణ్ణి అలాంటివి అడగడం బాగోదు.

"మీకు బ్యాంకు డబ్బిచ్చిందా?" అన్నాడు కల్నల్. "కళ్లారా చూసినవాళ్లెవరైనా చెయ్యెత్తండి!"

ఎవరూ ఎత్తలేదు.

"మీరు చేసిందేమిటి? సంతకం పెట్టారు. ఆ సంతకంలోంచే డబ్బు పుట్టింది. అంటే అది మీ డబ్బు! మీ డబ్బు మీకే అప్పిచ్చి, మీ దగ్గరే వడ్డీ గుంజుతున్నారు!"

హాలు హాలంతా "అమ్మ దొంగా!" అంది. ఇంత చిన్న విషయం ఇన్నాళ్లూ బుర్రకెక్కనందుకు సిగ్గేసింది. కల్నల్ గారి పద్ధతిలో మొత్తం పనులు మూడే. బ్యాంకుకి వాయిదాలు కట్టడం ఆపెయ్యాలి. ఎర్ర సిరాతో వేలిముద్ర వేసి ప్రమాణపత్రం పంపాలి. ఇంటి ముందు "ఇది ఋణం లేని నేల, బ్యాంకు మనుషులకు ప్రవేశం లేదు" అనే బోర్డు పాతాలి. బోర్డు ఆయనే ఇస్తాడు.

"మరి మీ ఫీజో?" అంది ట్రెజరర్ డాటీ క్రెన్‌షా. ఆవిడ పెద్దావిడ, లెక్క తేలందే ఏదీ మింగుడుపడదు.

"ఇంటికి మూడు వేలు, బోర్డుతో కలిపి. నగదు మాత్రమే. చెక్కు తీసుకోను. దాని మీద సంతకం ఉంటుంది, అందులోంచి మళ్లీ ఏం పుట్టుకొస్తుందో మనం చెప్పలేం."

ఈ మాటతో డెల్బర్ట్ పూర్తిగా పడిపోయాడు. ఇంత పద్ధతిగా మాట్లాడే మనిషిని అతను ఓహియోలో కూడా చూడలేదు.

అదే వారం బ్యాంకు నుంచి కూడా అందరికీ ఒక ఉత్తరం వచ్చింది. అసలులో మూడో వంతు కొట్టేస్తాం, పాత బకాయి మాఫీ చేస్తాం, పెన్షనుతో కట్టగలిగేంత వాయిదా పెడతాం అని దాని సారాంశం. షరతులు రెండే. నెలాఖరు శుక్రవారం అయిదు గంటల్లోపు ఊళ్లోని బ్రాంచికి వచ్చి సంతకం పెట్టాలి. కాలనీ సంఘానికి ఏ బాకీ ఉండకూడదు.

"చూశారా! మెట్టు దిగొచ్చింది!" అన్నారు బ్లెడ్‌సో గారు, మళ్లీ క్లబ్‌హౌస్‌లో చేరినప్పుడు ఆ ఉత్తరాన్ని జెండాలా ఊపుతూ. "తప్పు లేనివాడు తగ్గిస్తాడా? వాడు మూడో వంతు తగ్గించాడంటే మిగతా రెండు వంతులూ దొంగసొమ్మని ఒప్పుకున్నట్టే! ఒక్కరు కూడా సంతకం పెట్టడానికి వీల్లేదు! ప్రమాణం చెయ్యండి!"

అందరం కుడి చేతులెత్తాం. డెల్బర్ట్ ఎడమ చేత్తో "ఏకగ్రీవం" అని రాస్తూ కుడి చెయ్యెత్తాడు.

డెల్బర్ట్ ఇంటికెళ్లేసరికి భార్య వెల్మా వెనక వరండాలో ఆర్కిడ్ కుండీలకి నీళ్లు చిలకరిస్తోంది.

"సంతకం ఎప్పుడు పెడుతున్నాం?" అంది.

"పెట్టడం లేదు. ప్రమాణం చేశాం."

"నేను చెయ్యలేదే!"

"ఇంటికొక చెయ్యి చాలు. రూలు."

"మహానుభావా, మూడో వంతు పోతే మనం గట్టెక్కుతాం. నేను నిన్ననే కాయితం మీద వేసి చూశాను."

"అప్పే లేనప్పుడు మూడో వంతేమిటే? సున్నాలో మూడో వంతెంతో చెప్పు!"

"సున్నా నీ బుర్రలో ఉంది," అని వెల్మా మిగిలిన నీళ్లు అతని చెప్పుల మీద పోసింది. మర్నాడు డెల్బర్ట్ బ్యాంకులో ఉన్న ఆఖరి మూడు వేలూ తీసి కల్నల్ చేతిలో పెట్టాడు.

శనివారానికల్లా కాలనీ అంతా బోర్డులు మొలిచాయి. ఆదివారం పొద్దున్నే డెల్బర్ట్ కార్టు బయల్దేరింది. మొదటి ఇంటి ముందు ఆగి, దిగి, టేపు తీసి బోర్డు కొలిచాడు. మళ్లీ కొలిచాడు. ఇంటి ముందు బోర్డు అడుగున్నర దాటకూడదని సంఘం రూలు. ఋణం లేని నేల రెండడుగులుంది.

సాయంత్రానికి ప్రతి గుమ్మానికీ వెయ్యి డాలర్ల జరిమానా చీటీ వేలాడింది, ప్రెసిడెంటు గారి గుమ్మంతో సహా. చివరి చీటీ డెల్బర్ట్ తన గుమ్మానికి తానే తగిలించుకుని, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. ఆ రాత్రి అతనికి మంచి నిద్ర పట్టింది.

కాలనీ భగ్గుమంది. బ్లెడ్‌సో గారు మర్నాడే సమావేశం పెట్టారు. అందరి జరిమానాలూ రద్దు చేస్తూ తీర్మానం సిద్ధమైంది. డాటీ బలపరిచింది. అంతలో డెల్బర్ట్ లేచాడు.

"ప్రెసిడెంటు గారూ, అందరివీ రద్దు చెయ్యండి. నాది మాత్రం వద్దు."

"అదేంటోయ్?"

"తీర్మానం రాసేది నేను. నా జరిమానా నేనే కొట్టేసుకుంటూ రాస్తే రేపు లోకం ఏమనుకుంటుంది? నాది విడిగా, మీరూ డాటీ గారూ హాజరైన వేరే సమావేశంలో, నేను ఓటెయ్యకుండా తేల్చాలి. ఆ రూలు నేనే రాశాను."

బ్లెడ్‌సో గారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇలాంటివాళ్లు పది మందుంటే ఈ కౌంటీ ఎక్కడికో వెళ్లిపోయేది!" అని డెల్బర్ట్‌ని కౌగిలించుకుని ఫోటో తీయించుకున్నారు. ఆ ఫోటో ఎన్నికల కరపత్రంలో పడింది, ఆ వేరే సమావేశం మాత్రం మరుగున పడింది. మేం కూడా అతని భుజం తట్టి, నిమ్మకాయ పైలో పెద్ద ముక్క అతనికే పెట్టాం. మా జరిమానాలు రద్దయ్యాయి కదా, ఒకరి ఆదర్శాన్ని మెచ్చుకోవడానికి మాకు అడ్డేముంది?

నెలాఖరు గురువారం, వేలిముద్ర ఎంత లావుగా ఉండాలో అడుగుదామని డెల్బర్ట్ కల్నల్‌కి ఫోన్ చేశాడు. ఈ నంబరు వాడుకలో లేదని ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా చెప్పింది. వెంటనే బ్లెడ్‌సో గారికి చేశాడు.

"పెద్దవాళ్లు నంబర్లు మారుస్తుంటారయ్యా," అన్నారు ఆయన. "ధైర్యంగా ఉండు. రేపు ఎవరూ బ్యాంకు ఛాయలకి కూడా పోవద్దు. సాయంత్రం ఆరింటికి క్లబ్‌హౌస్‌లో ఋణవిముక్తి విజయోత్సవం."

శుక్రవారం మధ్యాహ్నం డెల్బర్ట్ వంటింట్లోకి వెళితే, వెల్మా పింగాణీ సామాను పాత పేపర్లలో చుట్టి అట్టపెట్టెల్లో సర్దుతోంది.

"ఏంటది?"

"సర్దుతున్నా. నువ్వెలాగూ సంతకం పెట్టవు. ఓహియోలో మా చెల్లెలు కింది గది ఇస్తానంది. మరిది డ్రమ్ములు కూడా అక్కడే ఉంటాయట, రోజూ వాయించుకుంటాడట. పర్లేదులే, అలవాటవుతుంది." ఆవిడ అరవలేదు. పేపరు చుడుతూనే ఉంది. "ఆర్కిడ్లు ఆ చలికి బతకవు. డాటీకి ఇచ్చేద్దాం."

అరిచి ఉంటే డెల్బర్ట్ వాదించేవాడే. అరవకపోయేసరికి తనంత తెలివైనవాడు లేడనుకుంటూ ఈ మనిషిని ఎక్కడికి తీసుకొచ్చి నిలబెట్టానురా అనిపించింది. కారు తాళాలు తీసి, "పద," అన్నాడు.

బ్యాంకులో క్యూ గుమ్మం దాటి బయటికొచ్చింది. అందరూ నల్ల కళ్లద్దాలు, పెద్ద టోపీలు. ఎవరూ ఎవర్నీ చూడటం లేదు. ఒకావిడ అంత ఎండలో గొడుగు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకుంది. హెరాన్ పాయింట్ యావత్తూ అక్కడే ఉంది. ఈ కథ చెబుతున్నవాడు కూడా టోపీ ముక్కు దాకా లాక్కుని మధ్యలో ఎక్కడో ఉన్నాడు.

డెల్బర్ట్ వంతు వచ్చేసరికి నాలుగున్నర అయింది. కౌంటరులో అమ్మాయి నవ్వుతూ కాగితాలన్నీ తిరగేసింది.

"అన్నీ బాగున్నాయి సార్. కాలనీ సంఘానికి ఒక్క జరిమానా చూపిస్తోంది. వెయ్యి డాలర్లు. ఎవరు వేశారండీ?"

"సెక్రటరీ."

"ఆయన్ని ఓసారి నాతో మాట్లాడమనండి."

"మాట్లాడుతూనే ఉన్నాడు."

అమ్మాయి ఇతన్నీ, కాగితాన్నీ, మళ్లీ ఇతన్నీ చూసింది. "అయితే కట్టెయ్యండి సార్. లేదంటే రద్దు చేసినట్టు సంఘం తీర్మానం తెచ్చివ్వండి. అయిదింటికి మూసేస్తాం."

కట్టడానికి ఏమీ లేదు. ఉన్నది తెల్ల సూటు జేబులోకి వెళ్లిపోయింది. డెల్బర్ట్ వెనక్కి తిరిగాడు. క్యూలో నాలుగో మనిషి చేపల వేట పత్రిక ఒకటి మొహం మీద పరుచుకుని నిలబడ్డాడు. ఆ బూట్లు కాలనీలో అందరికీ తెలుసు. అతని వెనకే డాటీ. డెల్బర్ట్‌కి ప్రాణం లేచొచ్చింది. ప్రెసిడెంటు, ట్రెజరర్ ఇద్దరూ ఒకే చోట! సమావేశానికి ఇంతకన్నా కోరం ఏం కావాలి?

"ప్రెసిడెంటు గారూ! అత్యవసర సమావేశం. ఒక్క నిమిషం చాలు."

"నేనిక్కడ లేను," అంది పత్రిక.

"మీ కాళ్లు కనబడుతున్నాయండీ."

"కాళ్లకి ఓటు లేదు."

"డాటీ గారూ, మీరైనా చెప్పండి!"

"నేను పళ్ల డాక్టరు దగ్గరున్నాను అబ్బాయ్," అంది డాటీ గోడకేసి చూస్తూ.

పత్రిక కాస్త కిందికి దిగింది. బ్లెడ్‌సో గారు పళ్ల సందుల్లోంచి మాట్లాడారు. "పిచ్చివాడా! సమావేశమంటే మినిట్స్ రాస్తావా?"

"రాయాలి కదండీ."

"స్థలం దగ్గర ఏం రాస్తావ్?"

"బ్యాంకు."

"హాజరైనవాళ్లు?"

"మీరూ, డాటీ గారూ."

"నవంబరులో ఏముంది?"

వెల్మా డెల్బర్ట్ మోచెయ్యి పట్టుకుంది. "క్లబ్‌హౌస్ అని రాసెయ్. ఆయన సంతకం పెడతారు. పెడతారు కదండీ?"

"క్లబ్‌హౌస్ అయితే ఇప్పుడే పెడతాను," అన్నారు బ్లెడ్‌సో గారు. ఆ మాట మాత్రం మనస్ఫూర్తిగానే అన్నారు.

డెల్బర్ట్ పెన్ను తీశాడు. ఎప్పుడూ చంకలో ఉండే మినిట్స్ పుస్తకం తెరిచాడు. 'స్థలం' అని రాసి ఆగిపోయాడు.

"రాయవయ్యా!" అన్నారు బ్లెడ్‌సో గారు.

"జరిగింది ఇక్కడ కదే..." అన్నాడు డెల్బర్ట్, వెల్మా వైపు తిరిగి.

"డెల్బర్ట్, ఇల్లు!" అంది వెల్మా. ఆ ఒక్క మాటే అంది.

ఉద్యోగంలో ఎంత పెద్దవాళ్లు బతిమాలినా టిక్కెట్టు మీద వీధి పేరు మార్చి ఎరగడు. క్యూ కదిలింది. కౌంటరు పిలిచింది. పత్రిక వెళ్లింది, సంతకం పెట్టింది, డాటీ వెళ్లింది, పెట్టింది. నేనూ పెట్టాను. పెట్టి, అతని పక్క నుంచే, అతన్ని చూడనట్టే బయటికొచ్చాను. చిట్టచివరికి డెల్బర్ట్ కళ్లు గట్టిగా మూసుకుని, జన్మలో మొదటిసారి ఒక అబద్ధం రాశాడు. క్లబ్‌హౌస్. తల ఎత్తి చూస్తే హాల్లో వెల్మా, నేల తుడిచే మనిషి తప్ప ఎవరూ లేరు. ప్రెసిడెంటు గారు వెనక గుమ్మం నుంచి విజయోత్సవానికి వెళ్లిపోయారు. కౌంటరు అమ్మాయి గడియారం చూసి, "సారీ సార్," అంటూ తెర దించింది.

డెల్బర్ట్ ఆ అబద్ధాన్ని అడ్డంగా కొట్టేసి, కింద పొందిగ్గా రాశాడు: "స్థలం: బ్యాంకు. హాజరు: ఎవరూ లేరు. కోరం లేనందున సమావేశం వాయిదా."

ఆరింటికి క్లబ్‌హౌస్‌లో విజయోత్సవం ఘనంగా జరిగింది. ఒక్కరు కూడా బ్యాంకు గడప తొక్కలేదని ప్రెసిడెంటు గారు గర్వంగా ప్రకటించారు. మేం లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. నవంబరులో ఆయన మంచి మెజారిటీతో గెలిచారు.

ఫిబ్రవరిలో డెల్బర్ట్ ఇంటి తలుపుకి వేలం నోటీసు అంటించారు. వెల్మా అప్పటికే కార్లో కూర్చుంది, ఒళ్లో ఒక్క ఆర్కిడ్ కుండీతో. డెల్బర్ట్ తలుపు తాళం వేసి, నడుము నుంచి టేపు తీసి, నోటీసు నిలువూ అడ్డమూ కొలిచాడు.

"ఎంతుంది?" అంది వెల్మా, కిటికీ అద్దం దించి.

"అడుగున్నర లోపలే ఉంది. తప్పేం లేదు."

ఒక మూల కొంచెం వంకరగా అంటించారు. ఆ మూల ఊడదీసి, తిన్నగా సర్ది, అరచేత్తో గట్టిగా అదిమి, వచ్చి కారెక్కాడు.