నార్వేలో రాజీనామా, చాండ్లర్‌లో సంతకం

ఆ శుక్రవారం నేను చేయవలసిన పనులు: కారుకి ఆయిల్ మార్పించాలి. ఉగాదికి అద్దెకు తెచ్చిన స్పీకర్లు తిరిగి ఇచ్చేయాలి. పద్మజ గారి తెలుగు క్లాస్‌కి స్కూల్ గది కావాలన్న ఫామ్ మీద అరిజోనాలోని మా చాండ్లర్ తెలుగు సంఘం సెక్రటరీగా సంతకం పెట్టి, సాయంత్రం ఐదులోపు స్కూల్ ఆఫీస్‌లో ఇవ్వాలి. సంఘాన్ని చీల్చాలి.

నాలుగోది మాత్రం టైముకి పూర్తయింది!

తెలుగు సంఘాలు చీలిపోతున్నాయని బాధపడేవాళ్లకు ఒక మనవి. చీలిక వరం. నమ్మకపోతే నార్వే ప్రభుత్వాల చరిత్ర చదవండి. నేను చదివాను. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ని కనుక, ఏ పనికైనా ముందు ఒక పుస్తకం తిరగేయడం నా అలవాటు.

అక్కడి లేబర్ పార్టీ తొలి ప్రభుత్వం 1928లో ఎన్నాళ్లుందో తెలుసా? పద్దెనిమిది రోజులు! మనవాళ్ల పెళ్లి ఆల్బమ్ రావడానికే అంతకంటే ఎక్కువ పడుతుంది. అయినా వాళ్లు సిగ్గుపడి ఇంట్లో కూర్చున్నారా? లేదు. ఏడేళ్లకు మళ్లీ వచ్చి, దాదాపు ముప్ఫై ఏళ్లు ఏలారు. మధ్యలో 1963లో నాలుగు పార్టీలు కలిసి వాళ్లని దించి గద్దెనెక్కాయి. ఎంతకాలం? నాలుగు వారాలు. పార్టీకి ఒక వారం! ఎవరికీ అన్యాయం జరగలేదు.

ఈ మధ్య కూడా అంతే. 2020లో ఒక పార్టీ, 2025లో మరో పార్టీ ప్రభుత్వంలోంచి లేచి బయటికి నడిచాయి. మిగిలినవాళ్లు మైనారిటీతోనే నెట్టుకొచ్చారు. దేశం మునిగిందా? లేదు. మరి అరవై కుటుంబాల చాండ్లర్ సంఘం చీలితే ఎందుకండీ ఈ గోల?

అయితే నార్వే వాళ్లు యూరప్ గురించీ, కరెంటు గురించీ కొట్టుకున్నారు. మనం అంతకంటే గంభీరమైన విషయం మీద కొట్టుకున్నాం. ఉగాది వేదిక మీద గ్రూప్ ఫొటోలో మధ్యన ఎవరు నిలబడాలి?

"నేను ప్రెసిడెంట్‌ని! నన్ను అంచుకి నెట్టేస్తే ఫొటోలో సగం భుజమే పడింది," అన్నారు దివాకర్ గారు.

"ఎనిమిది ట్రేల పులిహోర ఎవరు స్పాన్సర్ చేసిన్రు దివాకర్? తిన్నప్పుడు యాదికి లేదా?" అన్నారు పరంధామయ్య గారు. "పులిహోర తెచ్చినోడే నడుమ నిలవడుతడు!"

మధ్యాహ్నం రెండింటికి దివాకర్ గారు వాట్సాప్‌లో రాజీనామా చేశారు. నైతిక బాధ్యత వహిస్తూ రెండుంబావుకి నేను చేశాను. ట్రెజరర్ నిశాంత్, తనొక్కడే మిగిలితే బాగుండదని రెండున్నరకి చేశాడు. మూడింటికల్లా పరంధామయ్య గారి కొత్త సంఘానికి లోగో కూడా వచ్చేసింది. ఇంత వేగం ఏ పార్లమెంటులో చూశారు?

నాలుగింటికి పద్మజ గారి ఫోన్.

"అన్నయ్యగారూ, ఫామ్ ఇచ్చేశారా? ఐదుకి ఆఫీస్ క్లోజ్ చేస్తారు. మిస్సయితే మళ్లీ ఆగస్టు దాకా రూమ్ దొరకదు."

"ఎలా ఇస్తానమ్మా? రాజీనామా చేశాను. ఇప్పుడు సంతకం పెడితే అనైతికం."

"రాజీనామా చేస్తే చెయ్యి పడిపోయిందా? ఫామ్ మీ కార్‌లోనే ఉంది కదా! పద్నాలుగు మంది పిల్లలు. గుణింతాలు సగంలో ఉన్నాయండీ."

"కొత్త సంఘాన్ని అడగమ్మా."

ఆవిడ అడిగారు. "మాది ఇంకా రిజిస్టర్ కాలేదమ్మా, ఎట్ల సైన్ చేయాలె?" అన్నారట పరంధామయ్య గారు. ఐదయింది. గది జుంబా డాన్స్ వాళ్లకి వెళ్లింది.

తర్వాతి వారం పుస్తకంలో మిగిలిన పేజీలు చదివాను. నార్వేలో రాజీనామా చేసిన ప్రభుత్వం ఇంటికి పోదట! కొత్తవాళ్లు వచ్చి కూర్చునేదాకా పాతవాళ్లే ఉండి, రోజువారీ కాగితాల మీద సంతకాలు పెడుతూ ఉంటారట. ప్రభుత్వాలు అన్నిసార్లు పడినా దేశం ఎందుకు మునగలేదో అప్పుడు అర్థమైంది. నేను రాజీనామా దాకా చదివి పుస్తకం మూసేశాను. మన వాళ్లంతా అక్కడే మూస్తారు.

ఇప్పుడు చాండ్లర్‌లో మూడు సంఘాలున్నాయి. మూడోది నిశాంత్‌ది. ముగ్గురు అధ్యక్షులు, ముగ్గురూ తమ తమ ఫొటోల మధ్యలోనే ఉన్నారు. తెలుగు క్లాస్ ఒక్కటే లేదు. ఆరేళ్లుగా వారమంతా కంప్యూటర్ చిప్ ఫ్యాక్టరీలో పనిచేసి, శనివారం పొద్దున పలకలు మోసుకొచ్చిన పద్మజ గారి పేరు ఏ ప్యానెల్‌లోనూ లేదు.

మొన్న శనివారం ఆవిడ ఆ స్కూల్ పార్కింగ్‌లో నిలబడ్డారు. మెసేజ్ చూడకుండా వచ్చినవాళ్లకి క్లాస్ లేదని చెప్పడానికి. నేను స్కూల్ వాళ్లని బతిమాలుకుందామని వెళ్లి, ఆఫీస్‌కి తాళం చూసి వెనక్కి వస్తున్నాను. ఎనిమిదేళ్ల హాసిని కారు దిగి అడిగింది.

"ఆంటీ, 'కూ' దాకా చెప్పావ్. నెక్స్ట్ ఏంటి?"

పద్మజ గారు తన కారు వెనక అద్దం మీద ఎడారి దుమ్ములో వేలితో రాశారు: కృ, కౄ, కె, కే, కై. హాసిని పక్కనే దిద్దింది. అద్దం నిండేదాకా ఇద్దరూ రాస్తూనే ఉన్నారు.

త్వరలో మూడు సంఘాల ఎన్నికలకీ ఓట్లడుగుతూ ముగ్గురు అధ్యక్షులూ మీకు ఫోన్ చేస్తారు. ఎవరికి ఓటేసినా నాకు అభ్యంతరం లేదు. వేసేముందు ఒక్క క్షణం పద్మజ గారిని గుర్తుచేసుకోండి.