పాటగాళ్ళకు పులిహోర

ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ గంగాధరరావు గ్లాసు కింద పెట్టేశాడు.

"వేసవి మొదలైనప్పటి నుంచీ ప్రతివారం పార్కుకెళ్ళి పాటలు విని వస్తున్నాం. టిక్కెట్టు లేదు, ఏమీ లేదు. ఆ పిల్లలకి మనం ఒక్క మంచినీళ్ళ సీసా అయినా ఇచ్చామా?"

"అయితే ఇవాళ పులిహోర చేసుకెళదామండీ," అంది విజయదుర్గ. పాడేది నలుగురే. కానీ ఆవిడకి కొంచెంగా వండటం చేతకాదు, పెద్ద గిన్నె నిండా చేసింది.

ఎల్బీ నగర్‌లో వాళ్ళ కాలనీ పార్కులో ఎండాకాలం ఆదివారాలు చుట్టుపక్కల కుర్రాళ్ళ బ్యాండ్లు ఉచితంగా కచేరీ చేస్తాయి. ఉద్యోగం నుంచి రిటైరై ఇంట్లో ఉడికిపోతున్న గంగాధరరావుకి ఆ చల్లగాలి, ఆ పాటలే ప్రాణం. ఇవాళ జగన్ బృందం. జగన్ దిల్‌సుఖ్‌నగర్‌లో బైకుల షోరూంలో పనిచేస్తాడు, సెలవు దొరికితే గిటారు పట్టుకుంటాడు.

సాయంత్రం దంపతులు గిన్నెతో వెళ్ళేసరికి కాలనీ సంఘం కార్యదర్శి సాంబమూర్తి ఖాళీ కుర్చీల మధ్య నిలబడి ఉన్నాడు.

"చూశారా గంగాధరరావుగారూ? అందరూ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పార్కు చుట్టూ తిరిగేవాళ్ళే. కుర్చీలకి పాడించడం దేనికి? వచ్చేవారం నుంచి ఆపేస్తున్నాం."

"మా దోస్తులే రాలే సార్," అన్నాడు జగన్, గిటారు తీగలు బిగిస్తూ. "ఇగ బయటోళ్ళెట్ల ఒస్తరు?"

గంగాధరరావు గిన్నెను వేదిక పక్క బల్ల మీద పెట్టి, దోమలు పోతాయని నాలుగు అగరొత్తులు వెలిగించాడు. వెనకాల దుమ్ము పడకుండా స్పీకరు మీద పసుపు గుడ్డ కప్పి ఉంది.

నడుస్తున్న ఒకాయన ఆగాడు. అగరొత్తులు చూశాడు, పసుపు గుడ్డ చూశాడు, బూట్లు విప్పాడు. రెండు చేతులూ దోసిలి పట్టి, "ప్రసాదమా సార్?" అన్నాడు.

బూట్లు విప్పి చేయి చాచినవాడికి కాదని ఎలా చెప్పడం? విజయదుర్గ ఒక చెంచాడు పెట్టింది. ఆయన కళ్ళకద్దుకున్నాడు. అది ఇంకో ఇద్దరు చూశారు. ఆ ఇద్దరి వెనక పదిమంది చేరారు. అండాలమ్మ అనే ముసలావిడ చేమంతి పువ్వు తెచ్చి స్పీకరు మీద పెట్టి దండం పెట్టుకుంది. వాచ్‌మన్ జానయ్యకి అసలు సంగతి తెలియకపోయినా బాధ్యత తెలిసింది.

"ఆడోళ్ళు గిటు, మొగోళ్ళు గటు! లైన్ల రాండ్రి, ఎగబడొద్దు!"

వరస గేటు దాటింది. "ఏం పూజన్నా?" అని రోడ్డు మీద ఒకడంటే, "పెద్ద పూజనే," అన్నాడు ఇంకొకడు. పక్క గల్లీలోంచి జనం డబ్బాలతో రావడం మొదలైంది.

"ఏమండీ, ఆ పిల్లలకి మిగిలేలా లేదు," అంది విజయదుర్గ. ఇంతలో జనం మధ్యలోంచి ఒక పెద్దామె టిఫిన్ డబ్బా చాపింది.

"మా బిడ్డ డ్యూటీకెల్లి ఆకలితోని ఒస్తడమ్మా. జర ఎక్కువెయ్యి."

విజయదుర్గ గరిటె అడుగుకి తగిలింది. ఉన్నదంతా ఆ డబ్బాలో గీసి పెట్టేసింది.

గేటు బయటిదాకా జనం. గిన్నె ఖాళీ. గంగాధరరావు వేదిక వైపు తిరిగాడు.

"జగన్, ఏదో ఒకటి పాడు నాయనా!"

జగన్ అందుకున్నాడు. మెట్రో స్టేషన్లో కనపడ్డ అమ్మాయిని 'ఒక్కసారి కరుణించవే' అని బతిమాలే పాట అది, అతను సొంతంగా కట్టుకున్నది. జనం అమ్మవారి పాటే అనుకుని చప్పట్లు కలిపారు. కదిలితే వరసలో చోటు పోతుందని ఎవరూ కదల్లేదు. రెండో పాటకి తలలూగాయి. మూడోదానికి వెనకవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు.

ఈ మోసం ఇంక భరించలేక గంగాధరరావు మైకు తీసుకున్నాడు.

"క్షమించండి. ఇక్కడ పూజ ఏమీ లేదు. ఈ పిల్లలు మనకోసం ఊరికే పాడుతున్నారని వాళ్ళకి పులిహోర తెచ్చాం. అది మీకే అయిపోయింది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"పులిహోరయిపోతే అయిపాయె," అన్నారు వెనకనుంచి ఎవరో. "పాటలైపోలే గద సార్? కానియ్యుండ్రి!"

చీకటి పడేదాకా పాడారు. "వచ్చేవారం కుర్చీలు ఇంకా తెప్పించాలండీ," అంటూ సాంబమూర్తి పరుగులు పెట్టాడు. అండాలమ్మ జగన్ తల నిమిరి, "ఎన్నేండ్లయింది నాయనా, గిట్ల కూసొని పాట ఇని," అంది. గంగాధరరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఇందాక డబ్బా పట్టిన పెద్దామె వెనకనుంచి జనాన్ని తోసుకుంటూ వేదిక దగ్గరికి వచ్చి నిలబడింది.

"నువ్వారా పాడింది? డ్యూటీకి పోతున్నన్నవ్ గద?"

"నేనే అమ్మా," అన్నాడు జగన్ తలొంచుకుని. "పాటలకంటే తిడతవని జెప్పలే."

తల్లి ముత్తమ్మ కొంగుతో కొడుకు మొహం తుడిచింది. "మంచిగ పాడినవ్ బిడ్డా," అని డబ్బా మూత తీసి చేతిలో పెట్టింది. "తిను. నీ కోసమే తెచ్చిన."

బ్యాండు నలుగురూ డబ్బా చుట్టూ చేరారు. జగన్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపి, విజయదుర్గ వైపు మొహమాటంగా చూశాడు.

"ఆంటీ... ఉప్పెయ్యలేదా?"

సగం పార్కు తిన్న పులిహోర అది. ప్రసాదానికి వంక పెట్టకూడదని అప్పటిదాకా ఒక్కరూ నోరెత్తలేదు.