ఎడమకాలి బ్రేకు

ఆదివారం పొద్దున్నే బండిని హన్మకొండలో శశాంక్‌కు అప్పగించి, ఇంటికొచ్చి వేడివేడిగా దోసెలు తినాలన్నది కృష్ణమోహన్ పథకం. ఆ బండి ఆషామాషీది కాదు, ఎప్పుడో ఇంగ్లాండు నుంచి ఓడెక్కి వచ్చిన బీఎస్ఏ మోటారుసైకిలు. వాళ్ళ నాయిన నర్సింగం కొత్తవాడలో నేసిన జంపఖానాలను బతికినన్నాళ్ళూ దాని మీదే ఊరూరా తిప్పి అమ్మాడు. శశాంక్ ఇలాంటి పాత బండ్లను కోసి, లావు టైర్లు తొడిగి, కుర్రకారుకు నచ్చేలా చేస్తాడు. వద్దనడానికి నర్సింగం లేడు కదా!

ఆయన పోయి ఏడాది కావస్తోంది. భార్య రాములవ్వ ఇప్పటిదాకా ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. సందు మలుపులో బండి చప్పుడు వినగానే పొయ్యి మీద చాయ్ పెట్టే మనిషి, ఇప్పుడు చాయే మానేసింది. "కండ్ల ముందట బండి లేకుంటెనన్న అత్తమ్మ మామూలైతదేమో" అంది కోడలు ఇందు. "తీస్కపో బిడ్డా" అంది రాములవ్వ, గోడ వైపు చూస్తూ. తల్లి ఎప్పుడు కుప్పకూలుతుందోనని కృష్ణమోహన్ గుండె ఏడాదిగా పీచుపీచుమంటూనే ఉంది.

అతను నడిపినవన్నీ కొత్త బైకులే. ఈ దొరల బండికేమో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. "ఎడమకాలు బిడ్డా, ఎడమకాలు" అని తండ్రి నెత్తీ నోరూ కొట్టుకున్నాడు. కొడుకు ఏనాడు చెవిన పెట్టాడు గనక!

పోచమ్మ మైదాన్ దగ్గర పక్కింటి యాకయ్య లిఫ్టు కోసం చెయ్యెత్తాడు. కృష్ణమోహన్ కుడికాలితో గట్టిగా తొక్కాడు. ఆగడం మాట అటుంచి, గేరు మారి బండి ఇంకా ఊపందుకుంది. ఇన్నాళ్ళు మూలన పడున్న యాక్సిలేటర్ తీగ కాస్తా ఇరుక్కుపోయింది. ముందు బ్రేకు నర్సింగం కాలంలోనే పేరుకు మాత్రం ఉండేది. గాలికి కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే, "జరుగుండ్రి, జరుగుండ్రి!" అని అరుస్తూ దవాఖాన వైపు దూసుకుపోయాడు.

యాకయ్యకు ఆ మాత్రం చాలు. "పోరడు ఏడ్సుకుంట దవాఖానకు ఉరుకుతాండు. రాములవ్వకు ఏందో అయ్యింది!" అని హోటల్ ముందున్న వాళ్ళందరికీ చెప్పి, రాములవ్వ చెల్లెలు, బజార్లో పూలమ్మే మొగిలమ్మకు ఫోన్ కొట్టాడు. అంతలో కృష్ణమోహన్ చౌరస్తాలో ఎలాగో బండి తిప్పుకొని, అదే వేగంతో వెనక్కి వచ్చాడు. యాకయ్య నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. "అయ్యో! అప్పుడే మర్లచ్చిండంటె అయిపోయినట్టే."

ఇక ఆగుతారా? ఆటోలు, స్కూటర్లు బండి వెంట పడ్డాయి. మొగిలమ్మ చేతికందిన దండతోనే ఆటో ఎక్కింది. ఇంటికెళ్ళే కొత్తవాడ సందు దగ్గర ఆటోలోంచి తల బయటపెట్టి గుండెలు బాదుకుంది. "ఇగ ఉరికి ఏం జేస్తవు కొడుకా! మీ అవ్వ పాయెనట గదా!"

కృష్ణమోహన్ ఆ మాట నమ్మాడు. తను బండి తీసుకుపోగానే అవ్వ ప్రాణం విడిచిందనుకున్నాడు. ఆ భయంలో నాయిన గొంతు చెవిలో వినిపించింది. ఎడమకాలు బిడ్డా. తొక్కాడు. ఇంజను గింజుకొని ఆరిపోయింది. బండి సరిగ్గా నర్సింగం ఆపే చోటే, గడప ముందు ఆగింది.

లోపలికి పరుగెత్తాడు. పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. పక్కన రెండు కప్పులు. రాములవ్వ వెనక్కి తిరగకుండానే, "అచ్చినవా? జర కూసో, చాయ్ అయితాంది" అంది.

"అవ్వా..."

తిరిగి చూసింది. కొడుకును చూసింది, రెండో కప్పును చూసింది. అక్కడే నేల మీద కూలబడి బావురుమంది. "చప్పుడు మీ నాయినదే గద బిడ్డా! గాయినదే గద!" ఏడాది దుఃఖం ఒక్కసారే కట్టలు తెంచుకుంది. కృష్ణమోహన్ ఆమె ఒళ్ళో తలపెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

శోకాలు పెడుతూ లోపలికొచ్చిన జనానికి, పోయిన మనిషే కూర్చుని ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తోచలేదు. మొగిలమ్మ దండను కొంగు చాటున దాచింది. తర్వాత అందరికీ నర్సింగం గుర్తొచ్చి, ఈసారి నిజంగానే ఏడ్చారు.

చివరికి రాములవ్వ ముక్కు చీదుకుంది. "దండ మంచిగున్నది, దాస్తవెందుకే? మీ బావ ఫొటోకెయ్యి. ఇందూ, అందరికి చాయ్ పొయ్యి. నాగ్గూడ."

మధ్యాహ్నం శశాంక్ ఫోన్ చేసి బండి ఏదని అడిగితే, దానికి ఆగడం ఇవాళే వచ్చిందనీ, ఇక ఎక్కడికీ రాదనీ కృష్ణమోహన్ చెప్పాడు.