పెద్దన్నయ్య రాయని వాక్యం

ఆ ఆదివారం ఉదయం అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య మందుల దుకాణంలో డ్యూటీకి వెళ్లింది, ఒంటి గంటకు గానీ రాదు. ఈలోగా టీ పెట్టుకుని, కాళ్లు చాపుకుని కూర్చుని, 'మగాడనిపించుకో' శీర్షికకు వచ్చే వారం వ్యాసం రాసి పారేయాలి. విషయం సిద్ధంగానే ఉంది: పంక్చరైన కారు టైరును పది నిమిషాల్లో మార్చడం ఎలా? అతనికి కారు లేదు. స్కూటరు పంక్చరైతే దాన్ని ఎక్కడిదక్కడే వదిలేసి, బస్సెక్కి ఇంటికొచ్చి, భార్య చేత మెకానిక్కుకు ఫోన్ చేయించే రకం. రాయడానికి ఇవేవీ అడ్డం కావని మాత్రం నాలుగేళ్లుగా రుజువవుతూనే ఉంది.

అతను ఒక వారపత్రికలో సబ్ ఎడిటరు. ఆ శీర్షికను 'పెద్దన్నయ్య' అనే పెద్దమనిషి రాస్తాడని పాఠకులు అనుకుంటారు. పెద్దన్నయ్య ముప్పై ఏళ్లు ఓడల్లో మెకానిక్కుగా పనిచేశాడనీ, తుపానులో ఒంటిచేత్తో ఇంజను బాగుచేశాడనీ ఎడిటరే కల్పించాడు. బొమ్మలేసేవాడు దానికి తగ్గట్టు మీసం గీశాడు. రాసేది ఎవరన్న సంగతి మాత్రం ఆఫీసు గోడ దాటకూడదని ఎడిటరు షరతు పెట్టాడు. బయటివాళ్లలో తెలిసింది అల్లుడి భార్యకు ఒక్కదానికే. ఆవిడ ప్రతివారం ఆ శీర్షికను తలుపేసుకుని చదివి, కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చేది.

పెద్దన్నయ్యకు వేల మంది అభిమానులుండవచ్చు గానీ, మామగారిలాంటివాడు మరొకడు లేడు. ఆయన రికార్డుల ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యారు. వారం వారం ఆ శీర్షికను కత్తిరించి, ముఖ్యమైన వాక్యాల కింద ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి, అల్లుడికి పోస్టులో పంపేవారు. అల్లుడంటే ఆయనకు కోపమేమీ లేదు, ఆశ లేదు, అంతే. ఉద్యోగం పురుషలక్షణమన్న మాట నిజమే గానీ, పొద్దస్తమానం ఎవడో రాసిన దాంట్లో కామాలు దిద్దే ఉద్యోగం ఆ లెక్కలోకి రాదని ఆయన అభిప్రాయం. మామగారి నోట ఒక్క మంచిమాట వినాలని అల్లుడికి ఆరేళ్లుగా కోరిక. నాలుగేళ్లుగా వింటూనే ఉన్నాడు, కాకపోతే పెద్దన్నయ్య పేరు మీద వినవలసి వస్తోంది.

ఎనిమిదింటికి తలుపు చప్పుడైంది. తీస్తే మామగారు. ఒక చేతిలో కొత్త పనిముట్ల పెట్టె, రెండో చేతిలో ఆ వారం కత్తిరింపు.

"ఏమయ్యా, మీ వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉందట కదా, అమ్మాయి చెప్పింది. పోస్టులో పంపితే నీకు ఎక్కడం లేదు. ఇవాళ దగ్గరుండి చేయిస్తాను."

అల్లుడు ఆ కత్తిరింపు వైపు చూశాడు. 'కుళాయి వాషరు మార్చడం ఏడు నిమిషాల పని' అన్న ఆ వ్యాసాన్ని అతను రాసింది, రెండు నెలలుగా కారుతున్న ఆ కుళాయి చప్పుడు వింటూనే. చిన్నప్పుడు ఇంటికొచ్చిన ప్లంబరు పనిచేస్తుంటే గుమ్మంలో నిలబడి చూశాడు. అదే అతని అనుభవం, అదే పరిశోధన. అందులో రాసినట్టు చేస్తే పనవుతుందని రాసినవాడికి తప్ప లోకంలో అందరికీ నమ్మకమే.

ప్లంబరును పిలుద్దామని మెల్లగా అన్నాడు. మామగారు కత్తిరింపులో ఎర్రగీత ఉన్న చోటు వెతికి, గొంతు సవరించుకుని చదివారు.

"'ప్లంబరుకు ఫోన్ చేసే చేతులు గాజులు తొడుక్కోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు.' విన్నావా? ఎవరి గురించి రాశాడంటావు?"

తన గురించి కాదనే ధైర్యంతోనే ఆ వాక్యం రాశాడు అల్లుడు. ఇప్పుడు పెట్టెలోంచి పానా అందుకున్నాడు.

మామగారు కత్తిరింపును కుళాయి పైన గోడకు టేపుతో అంటించారు. మొదటి మెట్టు, పట్టు బిగించడం. రెండోది, ఎడమ వైపుకు తిప్పడం. ఆయన తిప్పారు. కుళాయి బిగుసుకుపోయి ఉంది. ఇద్దరూ కలిసి తిప్పారు. మూడో తిప్పుకు కుళాయి తల ఊడి చేతిలోకి వచ్చింది, ఆ వెనకే నీళ్లు పైకప్పుకు ఎగిశాయి.

చిన్నప్పుడు చూసిన ఆ ప్లంబరు ఆనాడు లోపలికి వచ్చేముందు కిందనే మెయిన్ వాల్వు కట్టేసి వచ్చాడు. గుమ్మంలో నిలబడిన కుర్రాడు దాన్ని చూడలేదు. చూడనిది ఎలా రాస్తాడు? పాతికేళ్ల తర్వాత ఈ సంగతి, నెత్తిన నీళ్లు పడుతుండగా, అల్లుడికి తట్టింది. ఈ ఇంట్లో ఆ వాల్వు ఎక్కడుందో మాత్రం అతనికి తెలియదు.

మామగారు రెండు బొటనవేళ్లతో నీళ్లను అదిమి పట్టారు. అవి పక్కలకు తిరిగి ఆయన కళ్లజోడును పట్టుకుపోయాయి. అయినా ధైర్యం చెడలేదు.

"తర్వాత ఏం రాశాడో చదువు."

అందరికంటే ముందు తడిసింది ఆ కాగితమే. అక్షరాలు గోడమీద కారిపోతున్నాయి. అల్లుడు గత్యంతరం లేక ఒప్పజెప్పాడు: "'మూడో మెట్టు. పాత వాషరును గోటితో పైకి లేపి, దాని స్థానంలో కొత్తది కూర్చవలెను. ఇక్కడ తొందర పనికిరాదు.'"

మామగారు ఆ జలపాతంలోంచే తల తిప్పి చూశారు. తను పంపిన కత్తిరింపులు చెత్తబుట్టలోకి పోతున్నాయని ఇన్నాళ్లూ అనుకుంటున్నానని, వీడు కంఠతా పట్టాడని కలలో కూడా అనుకోలేదని ఆయన మొహమే చెబుతోంది. నీళ్లు ఆగకపోతే ఏం చేయాలో కూడా రాశాడేమో చెప్పమన్నారు. రాయలేదని చెప్పే ధైర్యం అల్లుడికి లేకపోయింది. అక్కడికక్కడే అల్లేశాడు.

"'ఒకవేళ నీళ్లు ఎగదన్నినచో, తొణక్కుండా బెణక్కుండా దగ్గరున్న గుడ్డను బిగించి కట్టవలెను.'"

దగ్గరున్న గుడ్డ కిటికీ తెర. లాగితే తెరతో పాటు కడ్డీ, కడ్డీతో పాటు గోడ పెచ్చు, పెచ్చుతో పాటు పై అరలోని డబ్బాలు దిగాయి. పొయ్యి మీది టీ గిన్నె బోర్లాపడింది. మామగారు తెరను కుళాయికి చుట్టి, దాన్ని గుండెలకు హత్తుకుని నిలబడ్డారు. ఎగిరే నీళ్లు తగ్గి, కారే నీళ్లు పెరిగాయి. అవి గట్టు దిగి, గుమ్మం దాటి, మెట్ల దారి పట్టాయి.

అయిదు నిమిషాల్లో కింది వాటా టీచరమ్మ గుమ్మంలో ప్రత్యక్షమైంది. చేతిలో ఎర్ర పెన్ను ఉంది, జుట్టులోంచి నీటిచుక్కలు రాలుతున్నాయి.

"ఏమండీ, మా ఇంట్లో వాన పడుతోంది," అంది మామూలుగా.

"కంగారు పడకండమ్మా, ఇది మగవాళ్ల పని. ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుంది," అన్నారు మామగారు తెరలోంచి.

ఆవిడ ఇద్దరినీ ఒకసారి ఎగాదిగా చూసి, మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది. సరిగ్గా రెండు నిమిషాలకు నీళ్లు సన్నగిల్లి, బుడబుడమని, ఆగిపోయాయి. మామగారు తెర వదిలి చూశారు. చుక్క లేదు. ఆయన మొహం వెలిగిపోయింది.

"చూశావా, గుడ్డ కట్టమన్నాడు, ఆగింది. ఆయన మాటకు తిరుగుందా? నువ్వు కూడా సమయానికి గుర్తుపెట్టుకుని చెప్పావు. నిన్ను తక్కువంచనా వేశానయ్యా."

ఆరేళ్లుగా ఎదురుచూసిన మాట అది. కానీ తెర ఊడిన కిటికీలోంచి అల్లుడికి కింద గోడవార టీచరమ్మ కనిపిస్తోంది. వాల్వు తిప్పడం ముగించి, గాజులు వెనక్కి తోసుకుని, చేతులు దులుపుకుంటోంది. ఊరుకుంటే ఆ మాట తనదే. ఊరుకుందామని చాలా గట్టిగా అనిపించింది కూడా. కానీ మామగారు ఆ కుళాయిని చూసుకుంటున్న తీరు చూసి అతనికి సిగ్గేసింది.

"నీళ్లు ఆపింది మనం కాదు మామయ్యగారూ. ఆవిడ కింద వాల్వు కట్టేశారు. కుళాయి విప్పేముందు అది కట్టాలని ఆ వ్యాసంలో రాయలేదు."

మామగారు కిటికీలోంచి చూశారు.

టీచరమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి చేతుల్లో తడిసిన జవాబు పత్రాలు, నలభై మూడు. రేపు పొద్దున బడిలో అప్పజెప్పాలట. దెబ్బలాడటానికి కూడా తీరిక లేనట్టు, హాల్లో తాడు కట్టమని ఒకరికి, ఇస్త్రీపెట్టె తెమ్మని ఒకరికి పనులు పురమాయించింది. అల్లుడు ఒక్కో కాగితాన్ని పాత గుడ్డ కింద పరిచి, చిరగకుండా, సిరా అలుక్కుపోకుండా ఇస్త్రీ చేయసాగాడు. అది అతనికి వచ్చిన పని, భార్య దుస్తుల ఇస్త్రీ కూడా అతనే చేస్తాడు. మామగారు క్లిప్పులు పెట్టి తాడు మీద ఆరేస్తున్నారు.

పాతిక కాగితాలు ఆరేశాక, ఎవరితోనో చెబుతున్నట్టు మొదలుపెట్టారు. ఆఫీసులో ఉన్నంతకాలం తను నడిచొస్తే పద్దెనిమిది మంది లేచి నిలబడేవారట. రిటైరైన మర్నాడు ఇంట్లో బల్బు మాడిపోతే, మార్చడం చేతకాక చీకట్లో కూర్చున్నారట. అప్పుడు ఈ శీర్షిక దొరికింది. మగాడన్నవాడికి ఏదైనా సాధ్యమేనని ఎవరో తనకే చెబుతున్నట్టు అనిపించింది.

"రేపు ఆ పత్రిక ఆఫీసుకు వెళ్తాను. తిట్టడానికి కాదు. ఇంత నమ్మినవాణ్ణి ఎందుకు మోసం చేశావని ఒక్కమాట అడగాలి."

అల్లుడు ఇస్త్రీపెట్టెను నిలబెట్టాడు. ఎడిటరు షరతు గుర్తొచ్చింది. శీర్షిక పోతుంది, ఉద్యోగం కూడా పోవచ్చు. మామగారి ఎదుట ఇక జన్మలో తలెత్తలేడు. అయినా ఆ గొంతు విన్నాక ఆగలేకపోయాడు.

"రేపటిదాకా ఎందుకు మామయ్యగారూ, ఇప్పుడే అడగండి. ఆయన ఓడల్లో తిరగలేదు, ఆయనకు మీసం కూడా లేదు. పెద్దన్నయ్య నేనే."

"నువ్వా?"

"నేనే."

"ఎప్పుడైనా కుళాయి విప్పావా?"

"ఇవాళే మొదటిసారి."

మామగారు చేతిలోని క్లిప్పును తాడుకు పెట్టారు. తర్వాత ఆయన కళ్లు చెమర్చాయి. టీచరమ్మ వైపు తిరిగారు.

"చూశారా అమ్మా, మా అల్లుణ్ణి? నా మనసు విరిగిపోతుందని ఎవడో చేసిన తప్పు తన నెత్తిన వేసుకుంటున్నాడు. కుళాయి విప్పడం రానివాడు కుళాయి గురించి రాస్తాడా? రాస్తే మాత్రం ఏ పత్రికవాడైనా అచ్చేస్తాడా?"

అల్లుడు ఒట్టేశాడు. బల్లమీద సగం రాసిన టైరు వ్యాసం తెచ్చి చూపించాడు. మామగారు కళ్లకు దగ్గరగా పెట్టుకుని శ్రద్ధగా చదివి, శైలిని బాగానే అనుకరించాడు గానీ పెద్దన్నయ్యలోని దమ్ము రాలేదని తేల్చారు. ఒంటి గంటకు భార్య వచ్చి, హాల్లో ఆరుతున్న కాగితాల మధ్యనుంచి వంగి నడుస్తూ సంగతి విని, అది రాసేది నిజంగా ఈయనేనని తండ్రికి చెప్పింది. మొగుణ్ణి వెనకేసుకురావడం మంచి లక్షణమేనని ఆయన కూతుర్ని కూడా మెచ్చుకున్నారు.

"లేవండి అల్లుడుగారూ," అన్నారు, ఆరేళ్లలో మొదటిసారి 'గారు' తగిలించి. "తెలియదని ఒప్పుకునేవాడికి ఏ పనైనా వస్తుంది. టీచరమ్మగారిని అడిగి ముందు ఆ వాల్వు చూసొద్దాం."

టీచరమ్మ గోడకానుకుని చెబుతుంటే, మామా అల్లుళ్లు నలభై నిమిషాల్లో వాషరు మార్చారు. కుళాయి కారడం మానింది. ముగ్గురూ దాని ముందు నిలబడి, ఏమీ కారకపోవడాన్ని కాసేపు చూసి ఆనందించారు.

నాలుగు రోజులకు పెద్దన్నయ్యకు పత్రిక చిరునామాకు ఉత్తరం వచ్చింది. పురుషుడన్నవాడు ఎలా ఉండాలో తెలుసుకోదలిస్తే వచ్చి మా అల్లుణ్ణి చూడవలసిందని మామగారు స్వయంగా రావడం మానుకుని రెండు పేజీలు రాశారు. జవాబులు రాయడం అల్లుడి పనే గనక, చదువుతుంటే మొహం వేడెక్కి, ఈసారైనా నిజమే రాయాలనుకుని, మీ అల్లుడు మీరనుకున్నంత గొప్పవాడేమీ కాడని నాకు రూఢిగా తెలుసని పెద్దన్నయ్య పేరుతో వినయంగా రాశాడు.

ఇంత అసూయపరుణ్ణా తను నాలుగేళ్లు మగాడనుకున్నది అని విసుక్కుని, మామగారు ఆ వారమే పత్రిక మానేశారు.